బెల్లు వినపడలేదనుకునే తొక్కాలి

సైకిల్ తొక్కేవాళ్లలో ఎవరిని కదిపినా మొదట వచ్చే ఫిర్యాదు ఇది: "ఎంతసేపు బెల్లు కొట్టినా కదలరండీ. చెవుల్లో ఆ ఇయర్‌బడ్స్ దూర్చుకొని వాళ్ల లోకంలో వాళ్లుంటారు." నడకకు వచ్చేవాళ్లను అడిగితే అటునుంచి ఇంకోటి వస్తుంది: "పక్కనుంచి రయ్యిన దూసుకుపోతారు, గుండె ఆగినంత పనవుతుంది. ఒక్కసారి బెల్లు కొడితే వాళ్ల సొమ్మేం పోయింది?" తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఈ రెండు ఫిర్యాదులూ ఒకే సంఘటన గురించి. ఆయన బెల్లు కొట్టాడు. ఈవిడకు వినపడలేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు.

హైదరాబాద్‌లో ఈ పేచీ చూడాలంటే పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్‌కు వెళ్తే చాలు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఇంకో భాగం, ప్రారంభించినప్పుడు రెండూ కలిపి 23 కిలోమీటర్లు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పున మూడు లేన్లు. కట్టింది సైకిళ్ల కోసమే. కానీ ఎండా వానా తగలని నున్నటి దారి కనపడ్డాక నడిచేవాళ్లు, పరుగు తీసేవాళ్లు రాకుండా ఉంటారా? నేనైతే వాళ్లను తప్పుపట్టను. కాలు మడత పడకుండా అరగంట నడవగల ఫుట్‌పాత్ నగరంలో ఎన్ని చోట్ల ఉంది గనక! విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున వాహనాలు ఆపేసే వేళలోనూ ఇంతే. పిల్లల స్కేటింగ్, పెద్దల నడక, యువకుల సైకిళ్లు అన్నీ ఒకే తారు మీద.

ఇంతకీ బెల్లు ఎందుకు వినపడదు? కాస్త లెక్క వేసి చూద్దాం. బెల్లు చప్పుడు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ అనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే రెండు మీటర్ల దగ్గర 79, నాలుగు మీటర్ల దగ్గర 73, ఎనిమిది దగ్గర 67, పదహారు మీటర్ల దగ్గర 61. చెవి రంధ్రాన్ని రబ్బరు తొడుగుతో బిగించే ఇయర్‌బడ్ అందులో ఓ 20 డెసిబెల్స్‌ను బయటే ఆపేస్తుందనుకుంటే లోపలికి చేరేది 41. అక్కడ పాట 70 డెసిబెల్స్‌లో మోగుతోంది. ఇంకా ముందుకెళ్లి రెండు మీటర్ల దగ్గర కొట్టినా చెవిలోకి చేరేది 59. పాట ఇంకా దాని మీదే ఉంది. పాటలో విరామం వచ్చినప్పుడో, బెల్లు కీచుగా ఉన్నందువల్లో అప్పుడప్పుడూ వినపడుతుంది, నిజమే. కానీ అది అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకొని హ్యాండిల్ పట్టుకోకూడదు.

నాయిస్ క్యాన్సిలేషన్ వచ్చాక పరిస్థితి ఇంకాస్త చిక్కుపడింది. అందులో చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, యంత్రం దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చూస్తుంది. విమానం ఇంజను హోరు, ఏసీ మోత, దూరంగా పోయే టైర్ల రొద, ఇలా ఒకే తీరున సాగే మంద్ర శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. బెల్లు అలాంటిది కాదు. ఉన్నట్టుండి మోగే కీచు శబ్దం. దాన్ని యంత్రం అంత బాగా పట్టుకోలేదు. కానీ దాని కోసం రబ్బరు తొడుగు కాచుకొని ఉంది. మంద్రాన్ని యంత్రం ఆపితే కీచును రబ్బరు ఆపుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట దీనివల్ల ఒక భ్రమ కూడా పుడుతుంది. పక్కన లారీల హోరు మాయమైపోతుంది కాబట్టి, పెట్టుకున్న మనిషికి తాను ఖాళీ దారిలో ఒంటరిగా నడుస్తున్నట్టే ఉంటుంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇంతే: వెనకనుంచి వచ్చేవాడు తన బెల్లు వినపడలేదనుకొనే తొక్కాలి. బెల్లు మానేయమని కాదు. తప్పకుండా కొట్టాలి. వినగలిగినవాళ్లకు అది మేలు. కానీ బెల్లు కొట్టాను కాబట్టి దారి నాదైపోయింది అనుకోవడంలోనే ప్రమాదం అంతా ఉంది. మన లారీల వెనక రాసే 'సౌండ్ హారన్ ప్లీజ్' మన బుర్రల్లో బాగా నాటుకుపోయింది. హారన్ కొడితే ఎదుటివాడు తప్పుకోవాలి, తప్పుకోకపోతే తప్పు వాడిది. రోడ్డు మీదే సరిగ్గా పనిచేయని ఆ సూత్రాన్ని సైకిల్ బాటలోకి కూడా తెచ్చుకున్నాం.

హెడ్‌ఫోన్స్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. పుట్టుచెవుడు ఉన్నవాళ్లు నడకకు రారా? వయసుతో వినికిడి తగ్గినవాళ్లు, అందులోనూ కీచు శబ్దాలే ముందుగా వినపడటం మానేసేవాళ్లు, పొద్దున్నే ట్రాక్ మీద ఎంతమంది ఉంటారు! వెనకనుంచి చూస్తే ఎవరు ఏమిటో తెలియదు. బ్రిటన్‌లో హైవే కోడ్‌ను 2022 జనవరిలో సవరించినప్పుడు సైకిల్ తొక్కేవాళ్లకు సరిగ్గా ఇదే చెప్పారు. నడిచేవాళ్లకు వినికిడి, చూపు లేకపోవచ్చు, అది పైకి కనపడకపోవచ్చు, కాబట్టి వాళ్లను, ముఖ్యంగా వెనకనుంచి, దగ్గరగానో వేగంగానో దాటొద్దు. అవసరమైతే వేగం తగ్గించండి, బెల్లు కొట్టో మర్యాదగా పిలిచో మీరున్నట్టు తెలియజేయండి అని. నడిచేవాళ్లూ సైకిళ్లూ కలిసి వాడే బాట మీద సైకిలే నడిచే మనిషికి దారి ఇవ్వాలని కూడా అందులో ఉంది. చెవిటి మనిషికి పనికొచ్చే పద్ధతి హెడ్‌ఫోన్స్ మనిషికీ పనికొస్తుంది. వీళ్ల కోసం వేరే నియమం అక్కర్లేదు.

ఇక వేగం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సైకిల్ సెకనుకు అయిదున్నర మీటర్లు పోతుంది. ముందు నడిచే మనిషి గంటకు 5 కిలోమీటర్ల లెక్కన నడుస్తుంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు నాలుగు మీటర్లకు పైగా తరుగుతుంది. అయిదు మీటర్ల దగ్గర బెల్లు కొడితే ఆ మనిషికి దక్కేది సెకను కన్నా కాస్త ఎక్కువ. అంతలో వినాలి, అర్థం చేసుకోవాలి, ఏ పక్కో తేల్చుకోవాలి, కాలు కదపాలి. అదే పాతిక మీటర్ల దగ్గర కొడితే ఆరు సెకన్లు. ఆరు సెకన్లలో ఎవరైనా తాపీగా పక్కకు జరుగుతారు. జరగలేదంటే మీకు జవాబు దొరికినట్టే: వినపడలేదు. వేగం తగ్గించడానికి మీకు ఇంకా చోటుంది.

బ్రేకుల లెక్క కూడా చూడండి. గంటకు 20 వేగంలో, ఆపాలని తోచి చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పడితే అక్కడే అయిదున్నర మీటర్లు ఖర్చు. మంచి బ్రేకులు, పొడి నేల ఉన్నా పూర్తిగా ఆగడానికి ఇంకో నాలుగు. మొత్తం తొమ్మిదిన్నర మీటర్లు. అదే గంటకు 10 వేగంలో నాలుగు మీటర్ల లోపే ఆగిపోతుంది. వేగం సగమైతే ఢీకొనే శక్తిలో నాలుగో వంతే మిగులుతుందని బడిలో చదువుకున్నదే.

దాటేటప్పుడు నేను చూసేది చెవులను కాదు, భుజాలను. చెవిలో తెల్లటి కాడలు కనపడొచ్చు, మెడలో నెక్‌బ్యాండ్ కనపడొచ్చు, జుట్టు కిందో స్కార్ఫు కిందో ఏమీ కనపడకపోవచ్చు. భుజం మాత్రం దాచుకోలేరు. పాతిక మీటర్ల దూరంలో ఒకసారి బెల్లు. విన్న మనిషి భుజం ఒక్క క్షణం బిగుస్తుంది, లేదా తల కాస్త కదులుతుంది, లేదా నడక గీత ఒక అడుగు ఎడమకు జరుగుతుంది. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే పది మీటర్ల దగ్గర రెండోసారి. అప్పటికే పెడల్ ఆపేసి, రెండు వేళ్లు బ్రేకుల మీద ఉండాలి. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే మూడోసారి కొట్టను. వేగాన్ని పరుగెత్తే మనిషి స్థాయికి దించి, చేయి చాచినా తగలనంత దూరం ఉంచి, కుడివైపు నుంచి మెల్లగా దాటిపోతాను. అంత చోటు లేకపోతే వెనకే నడక వేగంతో వెళ్తూ చోటు కోసం చూస్తాను. రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఔను, విసుగే.

మూడోసారి ఎందుకు కొట్టనంటే, మరీ దగ్గరకొచ్చాక చేసే చప్పుడు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. భుజం పక్కకొచ్చి "హలో!" అని అరిస్తే ఎంత మెత్తగా పాట వింటున్న మనిషైనా ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడిన మనిషి ఏం చేస్తాడో గమనించండి. చప్పుడు వచ్చిన పక్కకు తల తిప్పుతాడు. తల తిరిగిన పక్కకే భుజం, భుజం వెంట నడుము, నడుము వెంట అడుగు. అంటే కుడి భుజం మీదుగా వెనక్కి చూసిన మనిషి ఒక అడుగు కుడికే వేస్తాడు. మీరు దాటుతున్నది ఆ పక్కనే. సైకిల్ తొక్కేవాళ్లు వెనక్కి చూసినా ఇంతే, హ్యాండిల్ చూపు వెంట పోతుంది. అందుకే దగ్గరకొచ్చాక నిశ్శబ్దం, వేగం తగ్గింపు, దూరం. ఈ మూడే.

పిలవాల్సి వస్తే ఏమని పిలవాలి? మన దగ్గర "అన్నా, సైడ్", "అమ్మా, సైడ్", అటు గచ్చిబౌలి వైపు "భయ్యా, సైడ్" నడుస్తాయి. ఎటు జరగాలో చెప్పకుండా సైడ్ అంటే సగంమంది కుడికి, సగంమంది ఎడమకి జరుగుతారు. "కుడివైపు వస్తున్నానండీ" అనడం మేలు. ముందు ఇద్దరు పక్కపక్కన నడుస్తూ చెరొక బడ్ పంచుకొని వింటున్నారనుకోండి, చప్పుడు విని ఒకరు అటు, ఒకరు ఇటు విడిపోయి, మళ్లీ ఒకరికోసం ఒకరు దాటుకుంటారు. ఇది దాదాపు ఖాయం. అలాంటి జంట కనపడితే పిలిచాక కూడా ఆగి, ఇద్దరూ ఒక పక్కకు చేరిందాకా చూడటం మంచిది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు ఇది తలకిందులుగా ఎదురవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో శాన్ రమోన్, డబ్లిన్, ప్లెజంటన్ ఊళ్ల మీదుగా పోయే ఐరన్ హార్స్ ట్రైల్ ఉంది. పాత రైలు దారిని బాటగా మార్చారు. సాయంత్రం వేళ ఆ బాట మీద తెలుగు మాటలు వినపడకుండా నడవడం కష్టం. అక్కడ సైకిళ్లకు గంటకు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్ల పరిమితి ఉంది. నడక కుడివైపు, దాటడం ఎడమవైపు. జీవితమంతా ఎడమకు నడిచిన మనిషి అలవాటుగా ఎడమ అంచునే నడుస్తుంటాడు. చెవిలో ఊరినుంచి ఫోన్ కాల్. వెనకనుంచి సైకిలాయన "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకేస్తాడు. లెఫ్ట్ అన్న మాట ఒక్కటే చెవిన పడి, ఈయన ఇంకాస్త లెఫ్ట్‌కు జరుగుతాడు. పిల్లలు విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకెళ్లేటప్పుడే ఈ ఒక్క సంగతి చెబితే బాగుంటుంది.

ఇప్పుడు చెవిలో పెట్టుకున్నవాళ్ల వంతు. పాట వినొద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఇంట్లో, ఆఫీసులో ఎవరూ వదలని మనిషికి ఈ ఒక్క గంటలో తనదైన పాట దొరికితే కాదనడానికి మనమెవరం? (ఫోన్ స్పీకర్ పెట్టి భక్తి పాటలు ట్రాక్ మొత్తానికీ వినిపించేవాళ్లకన్నా వీళ్లే నయమని కూడా ఒప్పుకోవాలి.) వాళ్లనుంచి కోరేది ఒకటే: తిన్నగా నడవండి, వెనక్కి చూడకుండా తిరగకండి. ట్రాక్ మీద నిజమైన ప్రమాదం అంతా ఆ మలుపులోనే ఉంది. వినపడకపోయినా గీత గీసినట్టు నడిచే మనిషిని ఎవరైనా క్షేమంగా దాటగలరు. పాట మార్చడానికి ఉన్నట్టుండి ఆగిపోయే మనిషిని, కిలోమీటరు రాయి చేరగానే గిర్రున వెనక్కి తిరిగే మనిషిని దాటడం ఎంత నేర్పరికైనా కష్టం. 2010లో డాలస్‌లోని కేటీ ట్రైల్ మీద జరిగింది అదే. హెడ్‌ఫోన్స్‌తో పరుగు తీస్తున్న ఒకరు వెనక్కి మళ్లబోయి, వెనకనుంచి వస్తున్న సైకిల్‌కు అడ్డంగా వెళ్లారు. ఆ గాయాలతో ప్రాణం పోయింది. ఆగాలన్నా, మళ్లాలన్నా ముందు ఎడమ అంచుకు చేరి, పూర్తిగా తల తిప్పి చూసి, అప్పుడు. రెండు సెకన్ల పని.

ఒక చెవిలోనే పెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. సగం చాలు. శబ్దం ఏ పక్కనుంచి వస్తోందో మెదడు కనిపెట్టేది రెండు చెవులనూ పోల్చి చూసే. పక్కనుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందు, దూరపు చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా మహా అయితే సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ, సుమారు 0.6 మిల్లీసెకను. అంత చిన్న తేడాతోనే మెదడు దిక్కు చెబుతుంది. ఒక చెవి మూస్తే బెల్లు వినపడుతుంది గానీ ఎటునుంచో తెలియదు. అయినా రెండూ మూయడం కన్నా ఇది ఎంతో నయం. మూసే చెవి ఎడమదైతే మంచిది, మన దగ్గర దాటేవాళ్లు కుడినుంచి వస్తారు కాబట్టి. బయటి శబ్దాన్ని మైకు ద్వారా లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ పద్ధతి చాలా బడ్స్‌లో ఇప్పుడు ఉంది, నడకలో అది వేసుకోవడం తేలిక. చెవి మూయకుండా చెంప ఎముక ద్వారా వినిపించే బోన్ కండక్షన్ రకం ఇంకా మేలు. కానీ దేంట్లోనైనా వాల్యూమ్ పెంచేస్తే చెవి తెరిచి ఉన్నా బెల్లు మునిగిపోతుంది. ఎంత పెట్టాలన్నదానికి సులువైన పరీక్ష: నడుస్తుంటే మీ బూటు చప్పుడు మీకు వినపడాలి.

సైకిల్ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ల విషయంలో నాకు ఇంత ఓర్పు లేదు. నడిచే మనిషి తన ప్రాణం మీదకే తెచ్చుకుంటాడు, తొక్కేవాడు ఇంకొకరి మీదకు తెస్తాడు. వేగంగా పోతుంటే చెవుల దగ్గర గాలి హోరు ఎలాగూ ఉంటుంది, దాన్ని మించి వినపడాలని వాల్యూమ్ పెంచుతారు. దేశాలు దీన్ని తలో రకంగా చూశాయి. ఫ్రాన్స్ 2015 జులై 1 నుంచి సైకిల్ మీద చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడాన్నే నిషేధించింది, జరిమానా 135 యూరోలు. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూయకూడదు, ఒకటైతే ఫరవాలేదు. జర్మనీలో పెట్టుకోవచ్చు గానీ చుట్టుపక్కల శబ్దాలు వినపడాలి. సైకిళ్ల దేశమైన నెదర్లాండ్స్ 2019 జులై 1 నుంచి తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడాన్ని నిషేధించింది, హెడ్‌ఫోన్స్ జోలికి మాత్రం పోలేదు. అక్కడ సైకిళ్లకు చాలాచోట్ల విడి బాటలున్నాయన్నది మరిచిపోకూడదు.

ఇక మన దగ్గరకొస్తే, మోటారు వాహనాల చట్టం లెక్కలో మామూలు సైకిల్ మోటారు వాహనమే కాదు. 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ సైకిళ్లకూ మినహాయింపు ఉంది. అవి మామూలు సైకిల్ కన్నా బరువు, చప్పుడు చేయకుండా వస్తాయి, పెడల్ తొక్కే శ్రమ లేకపోవడంతో వేగం తగ్గించాలని కాళ్లు గుర్తు చేయవు. వాటి మీద కూర్చున్నవాళ్లకు పైన చెప్పినవన్నీ రెండింతలు వర్తిస్తాయి.

తెల్లవారకముందు తొక్కేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వెలుతురుకు చెవులతో పని లేదు. ముందు లైటును కిందకు వంచి పెడితే నడిచే మనిషి కాళ్ల ముందు అతని నీడే సాగుతూ కనపడుతుంది. బెల్లుకు కదలనివాళ్లు దీనికి కదులుతారు. లైటును కళ్ల ఎత్తులో, మినుకుమినుకుమనేలా పెట్టేవాళ్లున్నారు. ఎదురుగా వచ్చేవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి, దయచేసి మానుకోండి.

బాట కట్టేవాళ్ల పని కూడా కొంత ఉంది. కేటీ ట్రైల్‌లో కాంక్రీటు దారి పక్కనే నడిచేవాళ్లకు, పరుగు తీసేవాళ్లకు మెత్తటి బాట వేరే ఉంది. నాలుగున్నర మీటర్ల ట్రాక్‌లో అంత చోటు లేకపోవచ్చు. అంచున ఒక రంగు గీత, దాని మీద నడిచే మనిషి బొమ్మ, అరకిలోమీటరుకొకటి వెనక్కి మళ్లడానికి కాస్త వెడల్పు చోటు, ఇవైతే పెట్టొచ్చు. హెడ్‌ఫోన్స్ నిషేధం అన్న బోర్డు పెట్టడం అన్నిటికన్నా చవక. అన్నిటికన్నా తక్కువ పనిచేసేదీ అదే.

ఇన్ని చేసినా ఒకరోజు తగులుతుంది. తగిలితే ఇద్దరూ ముందు చెవుల్లోవి తీసేయండి. తప్పెవరిదో తర్వాత చూసుకోవచ్చు. పడిన మనిషిని చెయ్యి పట్టి గబుక్కున లేపొద్దు, కాస్త కూర్చోనివ్వండి, పేరు, ఊరు అడగండి, మాట తేడాగా ఉందేమో చూడండి. తల నేలకు కొట్టుకుంటే పైకి దెబ్బ కనపడకపోయినా డాక్టరుకు చూపించాలి. వాంతులు, మగత, విడవని తలనొప్పి లాంటివి కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. "ఏం కాలేదండీ, మీరు వెళ్లండి" అనే మనిషి దగ్గరైనా ఫోన్ నంబరు తీసుకొని, సాయంత్రం ఒకసారి ఫోన్ చేయండి.